చాదర్‌ఘాట్ హైస్కూలు డ్రిల్లు మాస్టర్ – రహీం సాబ్

(కోట్‌పల్లిలో జరిగిన మన సంఘ సమావేశంలో, వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి కరువు భత్యం బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్ల సంగతే మాట్లాడుకున్నాం. కావలసినవే, కాదనను. భోజనాలకు ముందు నన్నొక అరగంట మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. ఏం మాట్లాడాలి అని అడిగితే, "మీ ఆటల సంగతేదైనా చెప్పండి సార్" అన్నారు. ముప్పై ఏళ్ళు ఈల ఊదినవాణ్ణి నేను. ఈల లేకుండా ఇంతమంది ముందు నిలబడడం ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. కాబట్టి నా సంగతి పక్కనబెట్టి, మన వృత్తివాడే అయిన ఒక పెద్దమనిషి గురించి చెబుతాను.

అమెరికాలో ఉన్న మా అల్లుడు ఒకసారి ఫోనులో చెప్పాడు. అక్కడ చిన్న చిన్న ఊళ్ళలో హైస్కూలు పిల్లలకు బేస్‌బాల్ నేర్పిన మాస్టర్ రిటైరైతే ఊరంతా వచ్చి సన్మానం చేస్తారట. కొన్నిచోట్ల ఆ మైదానానికే ఆయన పేరు పెడతారట. నలభై ఏళ్ళ కింద ఆయన దగ్గర ఆడిన పిల్లలు తల నెరిసి, మనవల చెయ్యి పట్టుకొని వస్తారట. విని ఊరుకోలేకపోయాను. మనకెవరూ లేరా? ఉన్నారు. మన హైదరాబాదులోనే ఉన్నారు. బేస్‌బాల్ కాదు, ఫుట్‌బాల్. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు.

2024లో ఆయన మీద 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవగణ్ వేశాడు. మీలో కొందరు చూసే ఉంటారు. అందులో ఏది జరిగింది, ఏది కథ కోసం కలిపారు అని నేనిప్పుడు లెక్క తీయను. సినిమా చూసిన పిల్లలు ఆయనను భారత జట్టు కోచ్ అంటారు. అది నిజమే. కానీ అంతకుముందు ఆయన బడిపంతులు. ఆ బడిపంతులు ఉండబట్టే ఆ కోచ్ అయ్యాడని నా వాదన.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు, యూనివర్సిటీ జట్టుకు ఆడారు, తరువాత కమర్ క్లబ్బుకు ఆడారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ – ఈ నాలుగు బళ్ళలో పాఠాలు చెప్పారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బళ్ళలో ఆటల బాధ్యత తీసుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆయన ఆర్ట్స్ చదివినవారు. క్లాసులో కుర్చీలో కూర్చొని పాఠం చెప్పుకోగలిగినవారు. అలాంటి మనిషి డ్రిల్లు డిప్లొమా చేసి ఎండలోకి వచ్చారు. మన స్టాఫ్ రూముల్లో ఎవరి కుర్చీ ఎక్కడ ఉండేదో మీకు తెలియనిది కాదు. లెక్కల సారు కుర్చీ ఫ్యాను కింద. సైన్సు సారుది కిటికీ పక్కన. డ్రిల్లు సారుది తలుపు దగ్గర, ఎందుకంటే ఎవరు రాకపోయినా ఆ క్లాసుకు ముందు పంపేది ఆయననే. (నవ్వుతున్నారు కదా, నవ్వండి. ముప్పై ఏళ్ళు నేను కూర్చున్నది ఆ కుర్చీలోనే.) ఆ తలుపు దగ్గర కుర్చీని తనంతట తానుగా కోరుకున్న మనిషి గురించి నేను చెబుతున్నది.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. కార్యదర్శి అంటే సంతకాలు పెట్టేవాడని అనుకుంటాం – మన కార్యదర్శి గారు మన్నించాలి. రహీం సాబ్ మాత్రం పిల్లల మీద పడ్డారు. ఆయన పెట్టించిన పోటీలు వింటే మీకే తెలుస్తుంది, ఇది పంతులు బుర్ర అని.

ఒకటి, బలహీనమైన కాలితో ఆడే పోటీ. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో ఆడాలి, ఎడమకాలి వాడు కుడికాలితో. మనం ఏం చేస్తాం? లెక్కలు బాగా వచ్చినవాణ్ణి లెక్కల పోటీకే పంపుతాం, కప్పు వస్తుందని. వాడికి రానిదేదో దాని జోలికి పోం. ఆయన పిల్లవాడికి రానిదాని మీదే పోటీ పెట్టాడు. అక్కడ మొనగాడు, మామూలువాడు అని ఉండదు, ఎవరి ఎడమకాలైనా ఒకటే. మొదటి రోజు అందరూ తప్పులు తంతారు, అందరూ నవ్వుతారు. బడిలో ఒక్కడే తప్పు చేస్తే ఏడుస్తాడు, అందరూ చేస్తే నేర్చుకుంటారు. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి.

రెండోది, డ్రిబ్లింగ్ లేని పోటీ. బంతిని కాలి దగ్గర పెట్టుకొని నలుగురిని తప్పించుకుంటూ పోవడం కుదరదు. వచ్చిన బంతిని వెంటనే పక్కవాడికి ఇవ్వాలి. వినడానికి సులువే. కానీ బంతి వచ్చాక ఆలోచిద్దామంటే ఆలస్యమైపోతుంది. అది రాకముందే తల ఎత్తి మనవాడు ఎక్కడున్నాడో చూసి పెట్టుకోవాలి. పలక లేకుండా నోటిలెక్కలు చెప్పించినట్టు అనుకోండి. అంతేకాదు, బాగా ఆడే ఒక్కడే ఆటంతా మింగేయడానికి ఉండదు. బక్కవాడికీ బంతి వస్తుంది. మన బళ్ళలో బంతి ఎవరిదో వాడిదే ఆట, మిగతావాళ్ళు వెనక పరుగెత్తడమే.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. అయిదు అడుగుల లోపు ఎత్తున్న పిల్లలకు వేరే పోటీ. మనలో హెడ్మాస్టర్లుగా చేసినవాళ్ళకు తెలుసు, వయసు ప్రకారం జట్లు కడితే ఏమవుతుందో. పదమూడేళ్ళవాడు ఒకడు తాటిచెట్టులా ఉంటాడు, అదే వయసువాడు ఇంకొకడు నడుము దాకా ఉంటాడు. ఇంట్లో తిండి సరిగా లేనివాడు పొట్టిగానే ఉంటాడు. జట్టు ఏరేటప్పుడు ముందు పోయేది వాడే. వాడు మళ్ళీ మైదానం వైపు రాడు. అలాంటివాడికి వాడంతటి వాళ్ళతోనే పోటీ పెడితే, వాడి కాలిలో ఏముందో బయటపడుతుంది. ఎత్తు తరువాత పెరుగుతుంది.

ఈ మూడింటికీ పైసా ఖర్చు లేదు. బంతి అదే, మైదానం అదే. నియమం ఒక్కటే మారింది. అందుకే పంతులు బుర్ర అన్నాను.

ఇక పెద్దల జట్టు సంగతి. ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. 1956లోనూ 1957లోనూ హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనే రోజుల్లో ఇది మాటలు కాదు. ఆ పోలీసు ఉద్యోగమే ఎన్నో పేద కుటుంబాల పిల్లలకు అన్నం పెట్టింది. ఆటగాడికి ముందు కడుపు నిండాలి, ఆ తరువాతే కప్పు.

భారత జట్టు శిక్షకుడిగా 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చారు. ఇరాన్ మీద ఒక్క గోలు, మేవాలాల్ కొట్టాడు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్. అక్కడ యుగోస్లావియా చేతిలో మనవాళ్ళు పదికి ఒకటి తేడాతో ఓడిపోయారు. ఆ చలిదేశంలో మన జట్టులో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడారు. పది గోళ్ళంటే మామూలు అవమానం కాదు. బూట్లు తప్పనిసరి అనే నిబంధన ఆ తరువాతే వచ్చింది. రహీం సాబ్ పాత పద్ధతిలో ఆడించడం కూడా మార్చుకుంటూ వచ్చారు. ప్రపంచంలో ఎవరు ఎలా ఆడుతున్నారో చదివి, చూసి, మన పిల్లల కాళ్ళకు సరిపోయేటట్టు దిద్దారు.

నాలుగేళ్ళు తిరిగాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే నాలుగుకు రెండుతో ఓడించారు, నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. సెమీఫైనల్లో ఎదురైంది ఎవరు? అదే యుగోస్లావియా! ముందు గోలు కొట్టింది మనవాళ్ళే. చివరకు నాలుగుకు ఒకటితో ఓడిపోయాం, నాలుగో స్థానంతో తిరిగి వచ్చాం. ఒలింపిక్ ఫుట్‌బాల్లో మన దేశం అంతకు మించి ఎన్నడూ పోలేదు. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం – ఇంతమంది హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో ఆట నేర్చినవాళ్ళు. పది గోళ్ళు తిన్న జట్టుకూ ముందు గోలు కొట్టిన జట్టుకూ మధ్య ఉన్నది నాలుగేళ్ళే. కప్పుల లెక్క కన్నా నాకు ఈ లెక్కే పెద్దది. ఫెయిలైన క్లాసును చేతిలో పెడితే పాస్ చేయించినవాడే కదా పంతులు.

బలరాం పేరు వచ్చింది కాబట్టి చెబుతాను. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టాడు. బీద కుటుంబం. వాడి ఆట చూసి రహీం సాబ్ శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్ దాకా రోజూ ఎలా రావాలి? బస్సుకు డబ్బులు లేవు. సైకిలు కిరాయికి తీసుకోమని రహీం సాబే డబ్బులు ఇచ్చేవారట. సైకిలు టాక్సీలు ఎరిగిన తరం మనది, ఆ కిరాయి పైసల విలువ మనకు తెలుసు. ఆ పిల్లవాడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగెరీ మీద గోలు కొట్టాడు, పెరూ మీద కొట్టాడు. 1962లో అర్జున అవార్డు తీసుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశాడు. సైకిలు కిరాయి ఏ పద్దు కింద రాయాలో మన ట్రెజరీవాళ్ళు చెప్పాలి.

ఇక 1962 జకార్తా. ఏషియన్ గేమ్స్‌కు ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వలేదు. దాన్ని మన దేశపు క్రీడాధికారి సోంధీ తప్పుపట్టారు. దాంతో అక్కడి జనం మన మీద మండిపడ్డారు. మనవాళ్ళు మైదానంలో దిగితే స్టేడియమంతా గేలి చేసేది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోళ్ళతో ఓడిపోయాం. థాయ్‌లాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జర్నైల్ వెనక నిలబడి గోడలా అడ్డుకునే ఆటగాడు. అతన్ని పక్కన కూర్చోబెట్టాలా? రహీం సాబ్ అతన్ని తీసుకెళ్ళి ముందు వరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు! చిన్నప్పుడు ఆ చోట ఆడినవాడేనట. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద మూడుకు రెండుతో గెలిచాం, అందులో ఒక గోలు జర్నైల్‌ది. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియా. పి.కె. బెనర్జీ ఒకటి, తలకు కట్టుతో జర్నైల్ ఒకటి. రెండుకు ఒకటితో బంగారు పతకం.

అప్పటికే ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్ బారిన పడ్డారు. పది నెలలు తిరక్కుండానే, 1963 జూన్ 11న పోయారు. యాభై నాలుగేళ్ళు కూడా నిండలేదు. మన లెక్కన చూస్తే పెన్షను తీసుకునే వయసు రాలేదు.

ఆయన పోయాక ఏమైంది? పూర్తిగా ఎండిపోలేదు. నయీముద్దీన్ నాయకత్వంలో 1970లో బ్యాంకాక్‌లో కంచు పతకం వచ్చింది. హబీబ్, షబ్బీర్ అలీ, ఇలా హైదరాబాదు పిల్లలు ఎందరో కలకత్తా క్లబ్బులను ఏలారు. రహీం సాబ్ కొడుకు హకీం కూడా రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు, తరువాత అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, 2021లో పోయాడు. కానీ పతకాలు చూడండి. పురుషుల ఫుట్‌బాల్లో 1962 తరువాత ఏషియన్ గేమ్స్ బంగారం రాలేదు. 1970 తరువాత ఏ పతకమూ రాలేదు. 1960 తరువాత ఒలింపిక్స్ గడప తొక్కలేదు.

దీనికి పెద్దవాళ్ళు ఎన్నో కారణాలు చెబుతారు. క్రికెట్ మింగేసిందంటారు, డబ్బు లేదంటారు, సంఘాల్లో రాజకీయాలంటారు. అన్నీ కొంత కొంత నిజమే. నా అభిప్రాయం వేరు. పై అంతస్తులో ఏం జరిగిందో అందరూ మాట్లాడతారు. కింద ఎడమకాలి పోటీలు ఎవరు నడపాలో ఎవరూ మాట్లాడరు. కోచ్ స్థానం ఖాళీ అయితే విదేశాల నుంచి తెచ్చుకున్నాం. చాదర్‌ఘాట్ హైస్కూలు మైదానంలో సాయంత్రం నిలబడే మాస్టర్ స్థానం ఖాళీ అయితే ఎక్కడి నుంచి తెస్తాం? శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి ఆయన పోయి ఇరవై రెండేళ్ళు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. 2009 విద్యాహక్కు చట్టంలో బడికి ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో నూరుమందికి మించి పిల్లలుంటే వ్యాయామ విద్యకు పార్ట్ టైమ్ బోధకుడైనా ఉండాలని రాసి ఉంది. రాసింది బాగానే ఉంది. నేను పనిచేసిన ఒక బడిలో – ఊరి పేరు వద్దు – దసరా సెలవులు అయిపోగానే టైమ్ టేబుల్లో ఆటల పీరియడ్ మీద ఎర్రసిరాతో గీత పడేది. పదో తరగతి రిజల్టు రావాలి కదా. గీత మీద 'లెక్కలు' అని రాసేవారు. ఆటస్థలంలో ఒక మూల అదనపు గదులు లేచాయి, ఇంకో మూల ఇసుక, కంకర కుప్పలు పోశారు. మిగిలిన దాంట్లో కబడ్డీకి చోటు ఉండేది. లెక్కల సార్ల మీద నాకు కోపం లేదు, వాళ్ళ మెడ మీద కత్తి వాళ్ళకుండేది. కానీ ఆ గీత కింద ఎందరు బలరాంలు కనబడకుండా పోయారో ఎవరు లెక్క తీస్తారు?

2016లో మనకు వికారాబాద్ జిల్లా వచ్చింది, కోట్‌పల్లికి మండలం వచ్చింది. ఆదివారం వస్తే పట్నం నుంచి కార్లు కట్టుకొని మన ప్రాజెక్టుకు వస్తున్నారు. రంగు రంగుల పడవలెక్కి తెడ్లు వేసి, ఫోటోలు దిగి పోతున్నారు. సంతోషం, ఊరికి నాలుగు పైసలు వస్తాయి. మన పిల్లలు గట్టు మీద నిలబడి చూస్తుంటారు. పట్నంవాళ్ళు మన ఊరికి వచ్చి ఆడుకుంటుంటే, మన పిల్లలు చూసేవాళ్ళుగా మిగలడం నాకు మింగుడు పడదు.

అందుకని ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. సంఘం నిధి నుంచి ఒక్క రూపాయి అడగను, కోశాధికారి గారు కంగారు పడవద్దు. సంక్రాంతి సెలవుల్లో హెడ్మాస్టర్ గారి అనుమతి తీసుకొని, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకు రెండు పోటీలు పెడదాం. ఒకటి అయిదు అడుగుల లోపువాళ్ళకు, ఆడపిల్లల జట్లు కూడా ఉండాలి. రెండోది ఎడమకాలి పోటీ. కప్పులు వద్దు. ఆడిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ పల్లిపట్టీ, అరటిపండు చాలు. ఎత్తు కొలవడానికి బడి గోడ మీద బొగ్గుతో గీత గీస్తే సరి. ఆ గీత దగ్గర మన ఆరోగ్యశాఖ సోదరీమణులు నిలబడాలి. పిల్లలు మునివేళ్ళ మీద లేవరు, ఇక్కడ మోకాళ్ళు వంచుతారు, జాగ్రత్తగా చూడాలి.

బంతులు రెండు నా దగ్గరున్నాయి, గాలి నిలుస్తుంది. ఈల సరేసరి. మైదానానికి సున్నం గీతలు వేయించే పని నీటిపారుదల శాఖ మిత్రులకు అప్పగిస్తున్నాను, కాలువలు గీసిన చేతులు కదా. పేర్లు రాసుకోవడానికి తలుపు దగ్గర ఒక కుర్చీ వేయించాను, భోజనానికి పోతూ పోతూ రాసిపోండి. అన్నం చల్లారుతోందని వంటవాళ్ళు రెండుసార్లు తొంగి చూశారు.